ప్లమ్ క్రేజీ: దాక్కోలేని రంగు (డెట్రాయిట్ ఉత్తరాలు - 9)

పోయిన వారం డాడ్జ్ మెయిన్ ఫ్యాక్టరీ నల్లజాతి కార్మికుల గురించి రాశాక ఉస్మానియా నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, డెట్రాయిట్ గురించి ఇన్ని రాస్తున్నవ్. ఒక్క కారు గురించి గూడ రాయలేదేంది?" అని. న్యాయమైన ప్రశ్నే. కార్ల ఊరి గురించి ఎనిమిది భాగాలు రాసి, కారు మాటెత్తకపోతే ఎలా? అందుకే ఈ వారం ఒకే ఒక్క కారు గురించి రాస్తున్నా. సరిగ్గా చెప్పాలంటే ఆ కారు రంగు గురించి.

కారు పేరు డాడ్జ్ ఛాలెంజర్ ఆర్/టీ, 1970 మోడల్. క్రైస్లర్ కంపెనీ తయారు చేసింది. ఇలాంటి బళ్లను ఇక్కడ మజిల్ కార్లు అంటారు. కండలు తిరిగిన కార్లన్నమాట. మామూలు ఉద్యోగస్తుడు కొనగలిగే రెండు తలుపుల బండిలో తగని పెద్ద ఇంజిన్ బిగించి అమ్మేవాళ్లు. ఈ కారులో ఉన్నది 383 క్యూబిక్ అంగుళాల వీ8. మన లెక్కలో 6.3 లీటర్లు. మారుతి 800 ఇంజిన్లు ఎనిమిది కలిపితే దాదాపు అంత అవుతుంది. స్టార్ట్ చేస్తే పక్కింటి వాళ్లకు తెలిసిపోతుంది.

కారు యజమాని 75 ఏళ్ల నల్లజాతి పెద్దాయన. పేరు రాయొద్దన్నాడు కాబట్టి పెద్దాయన అనే రాస్తా. వాళ్ల నాన్న అలబామా పత్తి చేల నుంచి ఇక్కడికి వచ్చాడు. ఈయన ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఇక్కడి లైబ్రరీలో మేం కొంతమందిమి అంబేడ్కర్ 'కుల నిర్మూలన' చదువుకుంటుంటే వెనక కుర్చీలో కూర్చుని విన్నాడు. అట్లా పరిచయం. నన్ను "యంగ్ మ్యాన్" అంటాడు. నేను "సార్" అంటే ఒప్పుకోడు. "నన్ను సార్ అన్నవాడెవడూ నాకు మంచి వార్త చెప్పలేదు" అంటాడు.

ఇక రంగు సంగతి. మన దగ్గర వంగపండు రంగు అంటాం చూడండి, దానికి సన్నటి మెరుపు కలపండి. ఎండలో చూస్తే ఎరుపు తిరిగి నేరేడు పండులా ఉంటుంది. నీడలోకి వస్తే నీలం తిరుగుతుంది. క్రైస్లర్ వాళ్లు 1970 ప్రాంతంలో కొన్ని కళ్లు చెదిరే రంగులు తెచ్చారు. వాటికి 'హై ఇంపాక్ట్' రంగులని పేరు. మామూలు రంగు కాకుండా ఇవి కావాలంటే 14 డాలర్ల చిల్లర అదనంగా కట్టాలి. పేర్లన్నీ చమత్కారాలే. మామిడి రంగుకు గో మ్యాంగో, అరటిపండు పసుపుకు టాప్ బనానా, నిమ్మ పచ్చకు సబ్‌లైమ్. గులాబీ రంగుకు పాంథర్ పింక్. పాంథర్ అనగానే మీకూ నాకూ గుర్తొచ్చే పాంథర్లు వేరు, అది వేరే విషయం. ఈ వంగపండు రంగుకు పెట్టిన పేరు ప్లమ్ క్రేజీ. ఇంగ్లిష్‌లో ప్లంబ్ క్రేజీ అంటే వట్టి పిచ్చి అని. దాని మీద మాటల ఆట. కంపెనీ పుస్తకాల్లో దీని కోడ్ ఎఫ్‌సీ7.

వియత్నాం యుద్ధం నడుస్తున్న కాలం. కుర్రాళ్లు జుట్టు పెంచి, గోడల నిండా రంగురంగుల పోస్టర్లు అంటించుకుంటున్న కాలం. ఆ కుర్రాళ్ల జేబులోని డబ్బు కోసం వేసిన రంగులివి. ఎక్కువ కాలం నిలవలేదు. ప్లమ్ క్రేజీ 1970, 1971 మోడళ్లకే దొరికింది. పెద్ద ఇంజిన్ల మీద ఇన్సూరెన్స్ కంపెనీలు ప్రీమియం బాదాయి. పొగ నిబంధనలు వచ్చాయి. 1973 చివర్లో అరబ్ దేశాలు చమురు ఆపేసరికి పెట్రోల్ బంకుల దగ్గర మైళ్ల కొద్దీ క్యూలు. గ్యాలన్‌కు పది పన్నెండు మైళ్లు కూడా ఇవ్వని బండి ఎవరికి కావాలి?

సరిగ్గా అప్పుడే, 1974 వసంతంలో, మా పెద్దాయన దాన్ని కొన్నాడు. అప్పుడాయనకు 24 ఏళ్లు. కొత్తలో మూడు వేల డాలర్ల పైన పలికిన బండి వెయ్యి లోపుకు వచ్చింది. అమ్మిన తెల్ల కుర్రాడు తాళాలిస్తూ, "దీన్ని ఎక్కడ పెట్టినా మీ అమ్మకు తెలిసిపోతుంది" అన్నాడట. కొన్నవాడు అది జోక్ అనుకున్నాడు. ఆరు నెలలు తిరిగేసరికి అర్థమైంది, ఈ రంగు బండి ఉన్నవాడి బతుకు గురించి ఆ ఒక్క మాటలో సగం చెప్పేశాడని.

ఎందుకంటే ఈ రంగు కారు ఉన్నవాడికి రహస్యాలు ఉండవు. యూనియన్ మీటింగ్‌కు పోతే మరుసటి రోజు ఫోర్‌మన్ అడిగేవాడు, నీ బండి ఫలానా వీధిలో కనిపించిందే అని. ఇప్పుడు భార్య అయిన ఆవిడ ఇంటికి తొలిసారి వెళ్లిన సాయంత్రం, ఇంకా తలుపు కొట్టకముందే వాళ్ల నాయనమ్మకు మూడు ఫోన్లు వచ్చాయట. పెట్రోల్ బంక్‌లో ఐదు నిమిషాల పని అరగంట అయ్యేది. ఎవడో ఒకడు వచ్చి ఇంజిన్ ఏంటి, ఎంత స్పీడ్ పోతుంది, అమ్ముతావా అని మొదలుపెట్టేవాడు. ఆదివారం చర్చి ముందు ఆపితే పిల్లలు చుట్టూ చేరి దాని తలుపులో తమ మొహాలు చూసుకునేవాళ్లు. ఈ మాట చెప్పేటప్పుడు పెద్దాయన మొహం వెలిగిపోతుంది. ఆ సంతోషాన్ని తక్కువ చేయొద్దు. రోజంతా నూనె మరకల చొక్కాతో లైన్ మీద నిలబడేవాడు, షిఫ్ట్ దిగి ఊరంతా తిరిగి చూసే బండిలో కూర్చోవడం చిన్న విషయం కాదు.

చాకిరీ కూడా అంతే. ఆ రోజుల్లో క్రైస్లర్ వాడింది ఆక్రిలిక్ ఎనామిల్. ఇప్పటి కార్లకు రంగు మీద పారదర్శకమైన క్లియర్ కోటు వేస్తారు. దీనికి అది లేదు. పైన కనిపించేదే రంగు. ఎండకు పైపొర సుద్దలా తెల్లబడుతుంది. పాలిష్ పెట్టి రుద్దితే గుడ్డ వంగపండు రంగులోకి మారుతుంది. అంటే ప్రతిసారీ రంగు కొంచెం కొంచెం అరిగిపోతున్నట్టే. గీత పడిందా, ఇక తలనొప్పి. మామూలు రంగయితే లప్పం పెట్టి, ఎమరీ పేపర్ కొట్టి, ఆ కాస్త మేర పూసి సరిపెట్టుకోవచ్చు. ఇందులో సన్నటి లోహపు పలుకులు ఉంటాయి. స్ప్రే గన్ పట్టిన దూరం, గాలి ఒత్తిడి, రంగు పలచదనం, వీటిలో ఏది మారినా ఆ పలుకులు వేరే తీరులో పడుకుంటాయి. పక్క నుంచి చూస్తే మచ్చ తెలిసిపోతుంది. ఒక్క తలుపు మీది గీత కోసం పక్కనున్న మడ్‌గార్డ్ దాకా రంగు కలుపుతూ పోవాలి.

ఇంతవరకు చెప్పింది ఏ యజమానికైనా వర్తిస్తుంది. ఇప్పుడు చెప్పబోయేది అందరికీ వర్తించదు.

పెద్దాయనది సెకండ్ షిఫ్ట్. మధ్యాహ్నం పోతే రాత్రి పదకొండున్నరకు వదిలేవాళ్లు. ఫ్యాక్టరీ ఎయిట్ మైల్ రోడ్డుకు అవతల ఉండేది. డెట్రాయిట్ నగరానికి ఉత్తరపు సరిహద్దు ఆ రోడ్డు. ఇవతల నల్లవాళ్లు, అవతల తెల్లవాళ్ల శివారు పట్టణాలు. మన పల్లెల్లో ఊరికీ వాడకూ మధ్య బాట ఎలాంటిదో అలాంటిదే, కాకపోతే ఎనిమిది లేన్ల వెడల్పు. నగరానికి పడమటి పక్కన డియర్‌బార్న్ అనే పట్టణానికి ఆర్విల్ హబ్బర్డ్ అనేవాడు 1942 నుంచి 1978 దాకా మేయర్. నల్లవాళ్లను తన ఊళ్లోకి రానివ్వనని బాహాటంగా చెప్పుకుంటూనే గెలుస్తూ వచ్చాడు. అదీ ఆనాటి వాతావరణం. పెద్దాయన రోజూ దాటాల్సినవి అలాంటివే వేరే రెండు పట్టణాలు. అర్ధరాత్రి, ఒంటరిగా, వంగపండు రంగు కారులో.

మొదటిసారి ఆపినప్పుడు వెనక లైటు వెలగట్లేదన్నారు. వెలుగుతోంది. రెండోసారి లేన్ మారేటప్పుడు సిగ్నల్ ఇవ్వలేదన్నారు. మూడోసారి నుంచి సాకు చెప్పడం కూడా మానేశారు. "కారెవరిది? నీ జీతమెంత? ఈ బండి ఎలా కొన్నావ్?" ఒకసారి పోలీసు వాకీటాకీలో "పర్పుల్ వాడు మళ్లీ వచ్చాడు" అని చెప్పడం విన్నాడట. ఆ ఊరి పోలీసు రికార్డుల్లో ఆయన పేరు ఉందో లేదో గానీ ఆయన రంగు మాత్రం అందరికీ తెలుసు.

పెద్దాయన ఒక పని చేశాడు. డాష్‌బోర్డ్ అరలో చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాడు. ఆపిన ప్రతిసారీ తేదీ, టైము, రోడ్డు పేరు, వాళ్లన్న మాట, ఎంతసేపు నిలబెట్టారు. ఐదేళ్లలో 37 ఎంట్రీలు. ఆ నోట్‌బుక్ నాకు చూపించాడు. కొన్ని ఎంట్రీలు ఒకే వాక్యం. ఒకదాంట్లో వాన పడుతోందని, గంటసేపు బయట నిలబెట్టారని, వాళ్లు వెళ్లాక సీటు తడవకుండా చొక్కా విప్పి పరుచుకుని కూర్చున్నానని ఉంది.

కార్ల లోకంలో ఒక నమ్మకం ఉంది. ఎర్ర కార్లకు చలాన్లు ఎక్కువ, ఇన్సూరెన్స్ ఎక్కువ అని. ఇన్సూరెన్స్ వాళ్లు మామూలుగా కారు రంగు అడగనే అడగరు. కారు మీద ముద్రించే వాహన గుర్తింపు నంబర్‌లో కూడా రంగు ఉండదు. చట్టం దృష్టిలో రంగుకు లెక్కే లేదు. రోడ్డు మీద మాత్రం ఉంది. 1996లో రెన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఏం చెప్పిందో లా చదివే తమ్ముళ్లు తప్పక చూడండి. చిన్న ట్రాఫిక్ తప్పు కనిపిస్తే చాలు, ఆపిన పోలీసు మనసులో అసలు కారణం ఏదైనా ఆ ఆపడం చెల్లుతుందని తేల్చింది. ఎవరిని ఆపాలో ముందే అనుకుని, సాకు తర్వాత వెతుక్కోవడానికి దారి పడింది. అలాంటి చోట నీ చర్మం ఒక రంగు, నీ కారు ఇంకో రంగు. రెండూ దూరం నుంచే కనిపిస్తాయి. వీటిలో ఒక్కటే మార్చుకోగలవు.

1979లో పెద్దాయన దాన్ని మార్చాడు. వీధి చివరి షెడ్‌లో తక్కువ డబ్బుకు నల్లరంగు కొట్టించాడు. ఇప్పటి కార్ల ప్రేమికులు వింటే గుండె పట్టుకుంటారు. అరుదైన ప్లమ్ క్రేజీ మీద చౌక నల్లరంగా అని. "ఆపడం తగ్గిందా?" అని అడిగా. "సగం తగ్గింది. మిగతా సగం కారుది కాదు" అన్నాడు. పిల్లలు పుట్టాక వేరే బండి కొని, దీన్ని గరాజ్‌లో పెట్టి కప్పేశాడు. దాదాపు నలభై ఏళ్లు అక్కడే ఉంది.

ఇప్పుడు కథ డబ్బు దగ్గరికి వస్తుంది. అప్పుడు వెయ్యి డాలర్లకు తోసేసిన ఈ బళ్లు ఇప్పుడు కొత్త కార్ల కంటే ఎక్కువ పలుకుతున్నాయి. ఆనాడు ఎవరూ వద్దన్న పిచ్చి రంగులే ఇప్పుడు ఎక్కువ ధర తెస్తున్నాయి. 2008లో కంపెనీ ఛాలెంజర్ పేరును మళ్లీ తెచ్చి 2023 దాకా తయారు చేసింది. ప్లమ్ క్రేజీని కూడా మళ్లీ తెచ్చి అమ్ముకుంది. పెద్దాయనకు ఇంటి పైకప్పు మార్చాలి, భార్య మోకాలి ఆపరేషన్ చేయించాలి. కూతురు ఒక అప్రైజర్‌ను పిలిపించింది. పాత కార్లకు విలువ కట్టే మనిషి. ఆ రోజు నేనూ ఉన్నా.

ఆయన బానెట్ ఎత్తి, లోపల డ్రైవర్ వైపు మడ్‌గార్డ్‌కు స్క్రూలతో బిగించిన చిన్న రేకు ముక్క మీద టార్చ్ వేశాడు. దాన్ని ఫెండర్ ట్యాగ్ అంటారు. ఆ కారు ఫ్యాక్టరీలో ఏ ఇంజిన్‌తో, ఏ గేర్‌బాక్స్‌తో, ఏ రంగుతో పుట్టిందో కోడ్‌ల రూపంలో అందులో గుద్ది ఉంటుంది. ఎఫ్‌సీ7 అని చూడగానే ఆయన కళ్లు మెరిశాయి. డిక్కీలో పరిచిన చాప లేపి, తలుపు లోపలి అట్ట కాస్త వంచి చూశాడు. షెడ్ వాడి నల్లరంగు చేరని మూలల్లో వంగపండు రంగు కొత్తగా ఉంది. వెనక సీటు స్ప్రింగుల్లో ఇరుక్కున్న కాగితం కూడా దొరికింది. లైన్ మీద కార్మికులకు ఈ బండికి ఏమేం బిగించాలో చెప్పే కాగితమది. ఆయనకు పండగే. తెల్లగానో గోధుమ రంగులోనో పుట్టిన ఛాలెంజర్లకు ఈ రంగు పూసి అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారట. ట్యాగ్‌లు కూడా కొత్తవి కొట్టించి బిగిస్తారట. "ఇది మాత్రం పుట్టుకతోనే ప్లమ్ క్రేజీ. నల్లరంగు వల్ల విలువ బాగా పడిపోయింది. ఇలా ఎందుకు చేశారు?" అన్నాడు బాధగా.

నాకు నవ్వొచ్చింది. ఆయన వెళ్లాక పెద్దాయన అడిగాడు, ఎందుకు నవ్వావని. "మా దేశంలో మనుషులకు కూడా ఈ ట్యాగ్ ఉంటుంది. ఇంటిపేరు అంటారు. బానెట్ ఎత్తకుండానే చదివేస్తారు" అన్నా. పెద్దాయన కాసేపు ఆలోచించి, "మరి మీరు నల్లరంగు కొట్టించుకోరా?" అన్నాడు. కొట్టించుకుంటాం. ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించుకునే వాళ్లు మనలో ఎంతమంది లేరు?

ఆ "ఎందుకు చేశారు" అన్న ప్రశ్నకు పెద్దాయన మాటతో జవాబు చెప్పలేదు. డాష్‌బోర్డ్ అరలోంచి నోట్‌బుక్ తీసి చేతిలో పెట్టాడు. అప్రైజర్ రెండు పేజీలు తిప్పాడు. మర్యాదస్తుడే, మొహం ఎర్రబడింది. మూసి వెనక్కి ఇచ్చేస్తూ, "సారీ. కానీ ఇది కారు డాక్యుమెంటేషన్ కిందకు రాదు" అన్నాడు. ట్యాగ్ వస్తుంది. సీటు స్ప్రింగుల్లోని కాగితం వస్తుంది. మొదటి యజమాని రసీదు ఉంటే అదీ వస్తుంది. ఆ రంగుకు ఐదేళ్లు మూల్యం కట్టిన లెక్క మాత్రం రాదు.

మార్కెట్ మరచిపోయేది ఇదొక్కటే కాదు. పాత కార్ల పోటీలుంటాయి ఇక్కడ. జడ్జీలు టార్చ్‌లు పట్టుకుని నేల మీద పడుకుని మరీ చూస్తారు. ఆనాడు లైన్ వేగానికి రంగు కొట్టేవాళ్లు తొందరలో కొట్టేవాళ్లు. బండి అడుగున రంగు తుంపరలు చెదిరి పడేవి, ఒకచోట చారలు కారేవి, ఇంకోచోట పలచగా ఉండేది. ఇప్పుడు డబ్బున్నవాళ్లు బండిని కొత్తగా చేయించేటప్పుడు ఆ చెదిరిన తుంపరలను కూడా అచ్చం అలాగే మళ్లీ వేయిస్తారు. ఫ్యాక్టరీలో పడినట్టే పడితే మార్కులు. ఆ తుంపర చెదరడానికి కారణమైన చెయ్యి ఎవరిదో మాత్రం ఏ జడ్జీ అడగడు.

పెద్దాయన కారు నంబర్‌లో ప్లాంట్ అక్షరం బి. అంటే హామ్‌ట్రామిక్‌లోని డాడ్జ్ మెయిన్. పోయిన వారం రాసిన ఫ్యాక్టరీయే. 1968 మే 2న లైన్ వేగం పెంచినందుకు కార్మికులు యూనియన్ అనుమతి లేకుండానే పని ఆపింది అక్కడే. శిక్షలు నల్ల కార్మికుల మీదే ఎక్కువ పడితే జనరల్ బేకర్, ఆయన సహచరులు 'డ్రమ్' కట్టింది అక్కడే. డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీల్లో నల్లవాళ్లకు మొదటి నుంచీ ఇచ్చినవి కొలిమి పని, రంగు పిచికారీ పని లాంటివి. వేడి, పొగ, ఊపిరితిత్తుల్లోకి పోయే రంగు తుంపర. ఆ సమ్మె జరిగిన ఏడాదిన్నరకే అదే లైన్ మీద ఛాలెంజర్లు మొదలయ్యాయి. పెద్దాయన మేనమామ అక్కడే పనిచేసేవాడు. సెలవు రోజున ముక్కు చీదితే రుమాలు మీద వారమంతా కొట్టిన రంగులు కనిపించేవట. 1980 జనవరిలో ఫ్యాక్టరీ మూసేశారు, తర్వాత కూల్చేశారు. ఇప్పుడు ఆ స్థలంలో జనరల్ మోటార్స్ ప్లాంట్ ఉంది.

ఇదంతా వింటుంటే నాకు మా నాన్న సైకిల్ గుర్తొచ్చింది. మాది ప్రకాశం జిల్లాలో పల్లె. 1970ల చివర్లో నాన్న కూలి డబ్బులు కూడబెట్టి ఒంగోలులో సైకిల్ కొన్నాడు. అందరూ కొనే నల్లది వదిలేసి మెరిసే ఆకుపచ్చది ఎంచుకున్నాడు. పాలెం నుంచి బస్సు రోడ్డుకు పోవాలంటే పెద్ద వీధి దాటాలి. మనవాళ్లు ఆ వీధిలో సైకిల్ దిగి నడిపించుకుంటూ పోవాలి. నల్ల సైకిలైతే చీకట్లో తొక్కేయొచ్చు, ఆకుపచ్చది అరుగు మీద కూర్చున్న వాళ్లకు వీధి మొదట్లోనే కనిపించేది. "పచ్చ సైకిల్ వచ్చిందిరోయ్" అనేవాళ్లట. నాన్న సైకిల్‌కు డబ్బు కట్టాడు, రసీదు కూడా ఉంది. అయినా ఆ రెండొందల గజాల మేర అది పూర్తిగా ఆయనది కాదు.

ఇది పాత ముచ్చట అనుకోకండి. 2018 మార్చిలో గుజరాత్ భావ్‌నగర్ జిల్లాలో సొంత గుర్రం ఎక్కి తిరుగుతున్నందుకు 21 ఏళ్ల దళిత యువకుణ్ని చంపారని తండ్రి ఫిర్యాదు చేశాడు. 2025 ఫిబ్రవరిలో తమిళనాడు శివగంగ జిల్లాలో బుల్లెట్ బండి నడుపుతున్నాడని ఒక దళిత కాలేజీ విద్యార్థి చేతుల మీద కత్తితో నరికారని కుటుంబం ఫిర్యాదు. కొనడానికి డబ్బు చాలు. కొన్నదాన్ని నలుగురిలో నడపడానికి ఇంకేదో కావాలి, అది షోరూమ్‌లో దొరకదు. రంగు ఎంత గట్టిగా అరిస్తే ఆ తేడా అంత త్వరగా బయటపడుతుంది.

ఇక్కడి మన తెలుగువాళ్ల అపార్ట్‌మెంట్ల ముందు పార్కింగ్ చూస్తే తెలుపు, బూడిద, వెండి. నాదీ బూడిద రంగు కొరోలానే. అమ్మేటప్పుడు మంచి ధర వస్తుందని, దుమ్ము కనిపించదని కారణాలు చెబుతాం. నిజమే. అయితే కనిపించకుండా ఉండటం సౌకర్యంగా తోచే వాళ్లు కొందరైతే, కనిపించకుండా ఉండటమే భద్రత అయిన వాళ్లు కొందరు. ఇద్దరి కార్లూ ఒకే రంగులో పక్కపక్కనే నిలబడి ఉంటాయి.

పెద్దాయన దగ్గర రెండు దారులు ఉన్నాయి. ఉన్నదున్నట్టు ఒక కలెక్టర్‌కు అమ్మేయడం మొదటిది. ఆయన ఇస్తానన్న డబ్బుతో పైకప్పు, మోకాలు రెండూ అయిపోయి ఇంకా మిగులుతుంది. కొన్నాయన దాన్ని వంగపండు రంగులోకి తెచ్చి, పోటీల్లో పెట్టి, రెట్టింపుకు అమ్ముకుంటాడు. సొంత ఖర్చుతో తనే రంగు వేయించుకుని ఉంచుకోవడం రెండోది. కూతురు మొదటిదే మంచిదంది. ఆ అమ్మాయి లెక్కలో తప్పు లేదు. తల్లి మోకాలు రోజూ చూసేది ఆమే.

మూడు వారాలు ఇంట్లో వాదనలు నడిచాయి. చివరికి తేల్చింది భార్య. "నా మోకాలికి పెన్షన్ ఇన్సూరెన్స్ ఉంది, నెలనెలా కట్టుకుందాం. పైకప్పు ఇంకో చలికాలం ఆగుతుంది. ఈ మనిషి ఎన్నాళ్లు ఆగుతాడు?" అంది. నల్లరంగు గీకే పనికి రెండు శనివారాలు నేనూ వెళ్లా. పైన నల్లపొర, కింద వంగపండు, దాని కింద ఫ్యాక్టరీ ప్రైమర్. నల్లపొర కింద తలుపు మీద పొడవాటి గీత బయటపడింది. 1978లో ఎవడో తాళంచెవితో గీసిందట. నోట్‌బుక్‌లో ఆ తేదీ కూడా ఉంది.

జూన్‌లో రంగు పని పూర్తయింది. పోటీలకు పనికొచ్చే రంగు కాదు. ఇప్పటి పద్ధతిలో క్లియర్ కోటు వేయించాడు, అప్రైజర్ చూస్తే మార్కులు తీసేస్తాడు. ఒక మంగళవారం సాయంత్రం వుడ్‌వర్డ్ ఎవెన్యూ మీద బయల్దేరాం. ఏటా ఆగస్టులో పాత కార్ల జాతర జరిగే రోడ్డు అది. 1995 నుంచి జరుగుతోంది. జాతర మొదలయ్యేది ఎయిట్ మైల్ దాటాక ఫెర్న్‌డేల్‌లో. నగరం సరిహద్దు దాటాకే పండగ. మేం కూడా ఎయిట్ మైల్ దాటాం. బస్‌స్టాప్‌లో ఉన్నవాళ్లు చేతులూపారు. పెద్దాయన ఒక చెయ్యి కిటికీ మీద పెట్టి, పాతికేళ్ల కుర్రాడిలా కూర్చున్నాడు.

రెండు మైళ్లు పోయాక వెనక పోలీసు కారు లైట్లు వెలిగాయి.

పెద్దాయన బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపాడు. రెండు చేతులూ స్టీరింగ్ మీద, వేళ్లు విప్పి, బయటికి కనిపించేలా పెట్టాడు. ఒక్క మాట మాట్లాడలేదు. నా చేతులు నా మోకాళ్ల మీదకు ఎప్పుడు వచ్చాయో నాకు తెలియదు. పాతికేళ్ల తెల్ల పోలీసు కిటికీ దగ్గరకొచ్చి వంగాడు. "సార్, ఇది నిజమైన 1970 ప్లమ్ క్రేజీయేనా? మా తాతకు ఉండేదట. ఒక్క ఫొటో తీసుకోవచ్చా?" అన్నాడు. తీసుకున్నాడు. థ్యాంక్స్ చెప్పి, బండి బాగుందని మెచ్చుకుని వెళ్లిపోయాడు. మంచి కుర్రాడే. ఆ లైట్లు అద్దంలో వెలిగిన క్షణానికీ తను ఫొటో అడిగిన క్షణానికీ మధ్య ఈ కారులో ఏం జరిగిందో ఆ అబ్బాయికి తెలిసే దారి లేదు.

పెద్దాయన స్టీరింగ్ మీంచి చేతులు తీయడానికి కాసేపు పట్టింది. తర్వాత డాష్‌బోర్డ్ అర తెరిచి నోట్‌బుక్ తీశాడు. నా దగ్గర పెన్ను అడిగి 38వ ఎంట్రీ రాశాడు. తేదీ, టైము, రోడ్డు పేరు. "ఆపాడు. ఫొటో తీసుకున్నాడు. 6 నిమిషాలు."

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ వారం మీకు ఒక పని. మీ ఇంట్లో కొన్న మొదటి బండి ఏది? సైకిలా, లూనానా, టీవీఎస్‌నా, ఆటోనా? ఏ రంగు? దాని మీద మీ నాన్నో అమ్మో మొదటిసారి ఊళ్లోకి వచ్చినప్పుడు ఎవరేమన్నారు, ఎక్కడ దిగమన్నారు? అమ్మానాన్నలు ఉండగానే అడగండి. తేదీలతో, వీధుల పేర్లతో రాసిపెట్టండి. వచ్చే వారం డాడ్జ్ మెయిన్ కూల్చిన చోట ఇళ్లు పోగొట్టుకున్న పోల్‌టౌన్ జనం గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.